యాభై ఏళ్ల ఫియట్‌కు వింటేజ్ బీమా కావాలంటే నడపడం మానేయాలా?

గోదావరి_ఫియట్:
మా నాన్నగారు కొన్న ఫియట్ 1100 ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది. డీజిలు పోయించి రోజూ మార్కెట్టుకు తీసుకెళ్తాను. తుప్పు తీయించి రంగు వేయించడానికే రెండు లక్షలు దాటింది. పాలసీలో మాత్రం కారు విలువ నలభై వేలు! వింటేజ్ కింద రాయించుకుంటే విలువ ముందే ఖరారు చేసి ఇస్తారని విని అడిగాను. ముందు రవాణా కార్యాలయంలో వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని రమ్మన్నారు. అది చేయించుకుంటే రోజూ నడపకూడదట. నడపని కారుకు బీమా ఎందుకండీ?

విశ్రాంత_సర్వేయర్:
ఇది 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలోనే ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు బయటికి తీయవచ్చు. రోజువారీ తిరుగుడు కుదరదు. మరోవైపు వింటేజ్‌గా నమోదైన కార్లకు 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ ప్రీమియం (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది) సగం చేశారు. ఆ 2022 రేట్ల ప్రకారం వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ దాకా 3,416 రూపాయలు కట్టాల్సినచోట 1,708 కడితే సరిపోయేది. తక్కువ తిరిగే బండి తక్కువ గుద్దుతుంది. ఇందులో అన్యాయం ఏముంది?

బెజవాడ_బుల్లెట్:
ఇది మోటారు సైకిళ్లకూ వర్తిస్తుందా?

గోదావరి_ఫియట్:
సర్వేయర్ గారూ, ప్రీమియం తగ్గించమని నేను అడగలేదు. విలువ గురించి అడిగాను. పైగా మా ఏజెంటు 1940కి ముందు తయారైతేనే వింటేజ్ అంటున్నాడు, మీరు 50 ఏళ్లంటున్నారు. మాది 1973లో మద్రాసులో రిజిస్టరయిన కారు. ఇక్కడికి తెచ్చాక 1979లో ఆంధ్రా నంబరు వచ్చింది. పాత ఆర్సీ పుస్తకంలో సరిగ్గా తేదీ ఉన్న పేజీనే చెదలు తినేశాయి. కొత్తదాంట్లో 1979 అనే ఉంది. చెదపురుగుల పుణ్యమా అని మా కారు వయసు ఆరేళ్లు తగ్గిపోవాలా?

విశ్రాంత_సర్వేయర్:
రెండూ నిజమే. 2002 నాటి మోటారు టారిఫ్ (వాహన బీమా రేట్లు, షరతుల పుస్తకం) ప్రకారం 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించినదే వింటేజ్ కారు. విలువ ముందే ఖరారు చేసి పాలసీ ఇవ్వడం అందులో వాటికి మాత్రమే ఉండేది. మీ ఏజెంటు అదే పట్టుకున్నాడు. రవాణా శాఖ నిర్వచనం వేరు. తేదీ కోసం మద్రాసులో నమోదు చేసిన కార్యాలయాన్ని రికార్డు నకలు అడగండి.
అది సరే, డీజిలు అన్నారు. 1973 ఫియట్‌లో డీజిలు ఇంజిను ఎక్కడిది?

న్యూజెర్సీ_తెలుగు:
ఇక్కడ పాత కార్ల బీమాకు తాళం వేసే గరాజు ఉండాలి. ఇంట్లో లైసెన్సున్న ప్రతివారికీ రోజూ నడపడానికి వేరే కారు ఉందని చూపాలి. ఆఫీసుకు ఇందులో వెళ్లకూడదు, ఆదివారం సరదాగా తిప్పుకోవచ్చు. ఇంజిను మార్చినా దాచకుండా చెబితే విలువ కట్టి పాలసీ ఇచ్చే కంపెనీలున్నాయి.

గోదావరి_ఫియట్:
చూశారా! అక్కడ ఇస్తున్నారు. ఇంజిను సంగతి వదిలేయండి సర్వేయర్ గారూ.

విశ్రాంత_సర్వేయర్:
ఎలా వదలమంటారు? మీ మొత్తం ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మార్చినట్టు ఆర్సీలో రాయించారా, లేదా?

గోదావరి_ఫియట్:
రాయించాం. దొంగను అడిగినట్టు అడగకండి. మీలాంటి బీమా సర్వేయర్ ఒకాయన నష్టం లెక్కగట్టడానికి మా ఇంటికీ వచ్చారు. బస్సు రాసుకుపోయి ఎడమవైపు తలుపు లోపలికి పోయింది. కారుకు పదేళ్లు దాటాయంటూ తలుపు ఖర్చులో సగం కోసేశారు. కొత్త తలుపు ఏ దుకాణంలో ఉందండీ? తుక్కు దుకాణాలన్నీ గాలించి పాతదే తెచ్చి, టింకరింగ్ చేయించి బిగించాను. పాత తలుపు మీద మళ్లీ అరుగుదల! డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు కారు పాతదన్నారు, విలువ అడిగితే పాతది కాదంటున్నారు.

హైదరాబాద్_గ్యారేజీ:
ఆ చివరి మాట మాత్రం నిజం.

విశ్రాంత_సర్వేయర్:
పదేళ్లు దాటితే లోహపు భాగాలకు 50 శాతం కోత అని పాలసీలోనే ఉంటుంది. ఆయన సొంతంగా రాసింది కాదు. అసలు రూపం చెడని కారుకు కట్టే విలువను ఇంజిను మార్చిన కారుకు రాస్తే, రేపు అది తగలబడితే ఇచ్చే డబ్బు మిగతా పాలసీదారులది. వింటేజ్ విలువ కావాలి, దాని కట్టుబాట్లు మాత్రం వద్దంటున్నారు.

గోదావరి_ఫియట్:
అవును, వద్దు! షెడ్డులో దుప్పటి కప్పి ఏడాదికోసారి ర్యాలీకి తీసేవారికి గౌరవమూ, సగం ప్రీమియమూ. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిలు ఇంజిను పెట్టించింది మా నాన్నగారే. పెట్టించకపోతే అప్పుడే తుక్కుకు పోయేది. వాడుతూ కాపాడుకున్నవాడి కారు మీ నిర్వచనంలో ఎక్కడా లేదు. నా బాధ అదీ.

విశ్రాంత_సర్వేయర్:
ఆ మాట మొదటే అంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. నా దృష్టిలో మీది బాగా చూసుకున్న పాత కారు, వింటేజ్ కాదు. ఈ మాట మీకు నచ్చదని తెలుసు. కానీ ఆ నలభై వేలు శిలాశాసనం కాదు. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) పట్టిక ఉండదు, మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. బిల్లులు, ఫొటోలు, మదింపు నివేదిక తీసుకెళ్లి మామూలు పాలసీలోనే పెంచమని అడగండి. రోజూ నడుపుకోండి.

గోదావరి_ఫియట్:
ఇది మా ఏజెంటు ఒక్కనాడూ చెప్పలేదు. అడుగుతాను. నిబంధన తప్పన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బెజవాడ_బుల్లెట్:
మోటారు సైకిళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత_సర్వేయర్:
నమోదు నిబంధన వాటికీ వర్తిస్తుంది. ప్రీమియం సగం అన్నది కార్లకే.

హైదరాబాద్_గ్యారేజీ:
గోదావరి గారూ, తీసేసిన పెట్రోలు ఇంజిను ఉందా? అమ్ముతారా?

గోదావరి_ఫియట్:
పెరట్లో షెడ్డులో ఉంది. అమ్మను.

విశ్రాంత_సర్వేయర్:
దాని మీద నంబరు చదవడానికి వస్తోందా?