గుళ్ళో పెళ్ళయింది, పెదనాన్నకి తెలియకుండా రిజిస్టర్ చేయించుకోవచ్చా?

మిల్లువారి అబ్బాయి:
ఇద్దరం మేజర్లం, ఇద్దరం హిందువులం, కులాలు వేరు. గుంటూరు జిల్లాలో ఒక గుళ్ళో జీలకర్ర బెల్లం, తాళి, ఏడడుగులతో పెళ్ళి జరిగింది. గుడి రసీదు, ఫోటోలు ఉన్నాయి. ఉద్యోగాలు హైదరాబాద్‌లో. పెదనాన్నకి పిల్లల్లేరు, పెద్దమ్మ పోయారు. రైస్ మిల్లు, పొలం ఆయన స్వార్జితం. తను చూసిన సంబంధం చేసుకోకపోతే గవ్వ కూడా రాయనంటారు. మా నాన్నగారు, ఒక మేనత్త ఉన్నారు. రిజిస్ట్రేషన్ చేయిస్తే ఆయనకి కబురు వెళ్తుందా? దాచినందుకు రేపు ఆస్తి విషయంలో చిక్కు వస్తుందా?

దస్తావేజు:
కబురు వెళ్ళదు, ఫారం సరైనది పెడితే. మీది హిందూ వివాహ చట్టం, 1955 కింద 8వ సెక్షన్ రిజిస్ట్రేషన్. దీనికి 30 రోజుల నోటీసు లేదు. పొరపాటున స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఫారం పెట్టారో, జరిగిన పెళ్ళి రిజిస్టర్ చేయడానికైనా నోటీసు ఇచ్చి 30 రోజులు అభ్యంతరాలకు ఆగుతారు. "ఏదైతే ఏంటి సార్" అనే ఏజెంట్లుంటారు, ఆ ఒక్క చోట జాగ్రత్త.

పెళ్ళి జరిగిన ఊరు ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉందో అక్కడికి వెళ్ళండి. ఇద్దరి వయసుకి టెన్త్ మెమో, ఆధార్, ఫోటోలు, గుడి రసీదు, ఒరిజినల్ ఆధార్‌తో ముగ్గురు సాక్షులు. ఎక్కువగా తిప్పి పంపేది రెండింటికి: టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం, రసీదు మీద తేదీ ఒకటీ ఫారంలో రాసిన తేదీ ఒకటీ కావడం. తాళి కట్టే ఫోటోలో ఇద్దరి ముఖాలూ కనపడాలి. పురోహితుడి వీపు ఒక్కటే కనపడే ఫోటో పనికిరాదు. ఏడడుగుల ఫోటో కూడా పెట్టుకోండి. శాస్త్రోక్తంగా తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది పెళ్ళి కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

ఒక్క మాట. ఆ రిజిస్టర్ ఎవరైనా అడిగి చూడొచ్చు, నకలు కూడా తీసుకోవచ్చు. పైగా మిల్లు యజమానికి ఆ ఆఫీసు బయట కూర్చునే లేఖర్లంతా తెలిసినవాళ్ళే అయ్యుంటారు. చట్టం నోరు మెదపకపోయినా చెట్టు కింద బల్ల ఊరుకోదు. కాగితాలు హైదరాబాద్‌లోనే సిద్ధం చేసుకుని, లేఖరి అవసరం లేకుండా వెళ్ళండి.

సివిల్ గుమాస్తా:
ఆస్తి సంగతికొద్దాం. అది స్వార్జితమైతే ఆయన ఇష్టం. మీకు పెళ్ళయినా కాకపోయినా మీకు పుట్టుకతో వచ్చే హక్కేమీ అందులో లేదు. వీలునామా లేకుండా ఆయన పోతే, భార్యాపిల్లలు లేరు కాబట్టి, తల్లిదండ్రులు కూడా లేకపోతే తోబుట్టువులకు, అంటే మీ నాన్నగారికీ మేనత్తకీ చెరిసగం. అన్నదమ్ముల పిల్లలు ఆ తర్వాతి వరసలో వస్తారు. తోబుట్టువుల్లో ఒక్కరున్నా మీదాకా రాదు. కాబట్టి మీరు దాచేదంతా ఆ ఒక్క వీలునామా కోసమే.

అక్కడే అసలు మెలిక. భారత వారసత్వ చట్టం, 1925లోని 61వ సెక్షన్ ప్రకారం మోసంతో రాయించిన వీలునామా చెల్లదు. మీరు చెప్పకుండా ఊరుకోవడం వేరు. "నాకింకా పెళ్ళి కాలేదు పెదనాన్నా, మీరు చెప్పిన పిల్లనే చేసుకుంటా" అని చెప్పి, అది నమ్మి ఆయన రాస్తే మాత్రం మేనత్తగారి వైపువాళ్ళు కోర్టుకెక్కడానికి చక్కటి దారి దొరుకుతుంది. వాట్సాప్‌లో మీరు పెట్టిన మెసేజే వాళ్ళ సాక్ష్యం, పక్కన మీ మ్యారేజ్ సర్టిఫికెట్ తేదీ. పోనీ కోర్టు దాకా పోకపోయినా, వీలునామా ఆయన బతికున్నంత కాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరో ఒకరు చెవిన వేసిన మర్నాడు కొత్తది రాస్తారు. ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్‌లో, వీలునామా కనపడదు కాబట్టి మార్చినట్టు మీకు తెలియను కూడా తెలియదు.

కులాంతరం వల్ల ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోతారా అని భయపడకండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో ఆ నిబంధన ఉంది గానీ ఇద్దరూ హిందువులైతే వర్తించదు.

పెన్షన్ ఫైలు:
బయటపడేది ఆఫీసుల్లో తక్కువ, ఊళ్ళో ఎక్కువ. ఊళ్ళో రైస్ కార్డులో అమ్మాయి పేరు ఎక్కించడానికి సచివాలయానికి వెళ్ళారంటే సాయంత్రానికి మిల్లుకి తెలుస్తుంది. దాన్ని ఆపండి. ఫోటోగ్రాఫర్‌కి రీల్ పెట్టొద్దని ముందే చెప్పండి, వాళ్ళకి మీ పెళ్ళి ప్రచారమే.

దాచకూడనివి వేరే ఉన్నాయి. పీఎఫ్‌లో పెళ్ళికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్ళితో రద్దవుతుంది, కొత్తది వెంటనే ఇవ్వండి. పాస్‌పోర్టు దరఖాస్తులో అవివాహితుణ్ణని రాస్తే అది తప్పుడు సమాచారం. ఆరోగ్య బీమాలో భార్య పేరు లేకపోతే ఆసుపత్రి బిల్లు దగ్గర కూర్చుని ఏడవాలి.

మిల్లువారి అబ్బాయి:
అందరికీ థాంక్స్ అండీ. దసరాకి ఊరెళ్తే పెళ్ళిచూపులు పెట్టేలా ఉన్నారు. వెళ్ళి కూర్చుని, నచ్చలేదని చెప్తే సరిపోదా?

సివిల్ గుమాస్తా:
వద్దు బాబూ. ఆ అమ్మాయి వైపు వాళ్ళకి ఇది మోసమే. ఒకసారి తాంబూలాలదాకా వెళ్తే వెనక్కి రావడం మీ చేతుల్లో ఉండదు. పెళ్ళయిందని దాచి ఇంకో పెళ్ళి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ళదాకా జైలు. పెళ్ళిచూపులకు ముందే మీ నాన్నగారికి చెప్పండి. ఎటూ మొదటి వారసుల్లో ఆయనొకరు, అన్నగారితో మాట్లాడాల్సిందీ ఆయనే. అమ్మాయికి గానీ మీకు గానీ ప్రాణభయం ఉందనిపిస్తే మాత్రం ఇదంతా పక్కనపెట్టి, సర్టిఫికెట్ నకలుతో ముందు ఎస్పీ ఆఫీసులో రక్షణ కోరుతూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసులు పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు.