మార్క్ టూ అంబాసిడర్ రన్నింగ్ బోర్డు: ఏ రేకు వేయాలి, దేనితో అతకాలి?

కాకినాడ మార్క్ టూ

నాన్నగారి 1971 అంబాసిడర్. మూడేళ్లుగా షెడ్డులోనే ఉంది. మొన్న ఎడమవైపు రన్నింగ్ బోర్డును (డోర్ల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి భాగం) స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే పిడి దాకా దిగిపోయింది. గీకి చూశాను. పైన పెయింటు, దాని కింద వేలెడు మందం లప్పం, ఆ వెనక మడిచి కుక్కిన న్యూస్‌పేపరు. ఎప్పుడో ఒక షాపులో చేయించిన రిపేరు అది. వెనక సీటు ముందు ఫ్లోర్ కూడా జల్లెడైపోయింది.

ఈసారి నా చేతులతోనే చేసుకోవాలని ఉంది. ఒక టింకరింగ్ మేస్త్రిగారు 18 గేజ్ రేకు వేయమన్నారు, గట్టిగా ఉంటుందట. ఇంకొకాయన, సముద్రం గాలి కాబట్టి జింకు పూత ఉన్న జీఐ రేకే వేయాలన్నారు. గ్యాస్ సిలిండర్ అక్కర్లేని మిగ్ మెషీన్ (తీగను తానే అందిస్తూ కరెంటుతో అతికేది) ఒకటి ఆన్‌లైన్లో చూశాను, 15 ఆంప్స్ ప్లగ్గు చాలట. కొనేయమంటారా?

పాలిటెక్నిక్ టీచర్

మెషీన్ సంగతి తర్వాత, ముందు రేకు మందం తేల్చండి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 18 అంటే 1.2 మి.మీ., 20 అంటే 0.9, 22 అంటే 0.7. కొట్లో గేజ్ చెప్పినా మీరు మి.మీ.లోనే అడిగి, అక్కడే కొలిచి తీసుకోండి. పాత రేకును కూడా తుప్పు లేని చోట, పెయింటు పూర్తిగా గీకేసి వెర్నియర్‌తో కొలవండి. ఎంత ఉంటే అంతే వేయండి. లోపలి పలకల మందం వేరుగా ఉండొచ్చు, అవి విడిగా కొలవాలి.

మందంగా వేస్తే గట్టిగా ఉంటుందన్న మాట ఇక్కడ పనికిరాదు. 1.2 రేకు కరగడానికి కావలసిన వేడి తగిలితే పక్కనున్న పాత 0.9 రేకుకు చిల్లు పడుతుంది. ఎలాగో అతికించినా, బిగువు ఒక్కసారిగా మారే ఆ గీత పక్కనే కొన్నాళ్లకు పగులు రావచ్చు. అంబాసిడర్‌కు లారీలా విడి చాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. రన్నింగ్ బోర్డు అందం కోసం పెట్టింది కాదు.

సీఆర్‌సీఏ రేకు అడగండి, అంటే చల్లగా రోలర్లలో నొక్కి, తర్వాత కాచి మెత్తబరిచిన మామూలు ఉక్కు రేకు. బజార్లో డీ, డీడీ, ఈడీడీ అని గ్రేడ్లు చెబుతారు, ఆ వరుసలో సాగే గుణం పెరుగుతుంది. రన్నింగ్ బోర్డుకు తిన్నటి మడతలే కాబట్టి డీ సరిపోతుంది. మడ్‌గార్డు వంపు కొట్టాలంటే ఈడీడీ తెచ్చుకోండి, లేకపోతే మధ్యలో చిరుగుతుంది.

జీఐ మాత్రం వద్దు. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము కరగాలంటే 1500 దాటాలి. అంటే అతుకు పడేలోపే అక్కడి జింకు తెల్లటి పొగగా లేచిపోతుంది. మీరు తుప్పు ఆపాలనుకున్నది ఆ అతుకు దగ్గరే కదా! ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి మలేరియాలా చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందని వర్క్‌షాపుల్లో అంటారు. పోదు. జీఐ వేయక తప్పకపోతే అతికే అంచుల్లో జింకు అరగదీసి, గాలి ఆడేచోట చేయండి.

ఆటోనగర్ శిష్యుడు

మేడం గారు రేకు గురించి చెప్పిందంతా నిజం. మెషీన్ దగ్గర నా మాట వేరు. బెజవాడ ఆటోనగర్లో 22 ఏళ్లు టింకరింగ్ చేశాను. ఆక్సిజన్, ఎసిటిలీన్ గ్యాస్ వెల్డింగును మించింది లేదు.

మిగ్ గీత గట్టిగా ఉంటుంది, సుత్తికి లొంగదు, గ్రైండర్ పెట్టాల్సిందే. గ్రైండర్ ఆ గీతనొక్కదాన్నే తినదు, పక్క రేకునూ పలచన చేస్తుంది. గ్యాస్ అతుకు మెత్తన. ఎర్రగా ఉండగానే వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పెట్టి సుత్తితో తడితే అతుకు రేకులో కలిసిపోతుంది. వెనక్కి వెళ్లి చేత్తో నిమిరితే అతుకు ఎక్కడో తెలియదు, లప్పం దాదాపు అక్కర్లేదు. మా గురువుగారు మడ్‌గార్డులు అలాగే చేసేవారు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎల్‌పీజీ మంటతో రేకు కోయొచ్చు గానీ ఇనుము అతకకూడదు.

మిగ్ పక్షం

అన్నగారూ, మీ చేతికి దండం. కానీ ఆ పని 22 ఏళ్ల చేతిది. ఈయన మొదటిసారి మంట పట్టుకుంటే అతుకుకు అటూ ఇటూ జానెడు మేర రేకు కాలుతుంది. వేడికి సాగిన రేకు చల్లారేటప్పుడు మొదటికన్నా ఎక్కువ ముడుచుకుని, డోర్ కింద అలలు తేలుతుంది. పైగా ఫ్లోర్ కింద పాత డాంబరు పూత, వైర్లు, పెట్రోలు పైపు ఉంటాయి. మిగ్‌లో వేడి తక్కువ చోటే పాకుతుంది.

ఆ గ్యాస్ లేని మెషీన్ మాత్రం కొనకండి. అందులో వాడేది, గ్యాస్‌కు బదులు అతుకును గాలి నుంచి కాపాడే మందు (ఫ్లక్స్) నింపిన తీగ. వేడి ఎక్కువ, నిప్పురవ్వలు ఎక్కువ, 0.9 రేకుకు చిల్లులే చిల్లులు. నేను అదే కొని రెండు నెలలు వృథా చేసుకున్నాను. 30 ఆంప్స్ దాకా దిగేది, గ్యాస్ పెట్టుకునే వీలున్నది తీసుకోండి. 0.6 తీగ దొరికితే మేలు, లేకపోతే 0.8. గ్యాస్ ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం. మందు తీగ నుంచి మామూలు తీగకు మారినప్పుడు పొలారిటీ కూడా మార్చాలి, తీగ పాజిటివ్‌కు రావాలి. ఇది మరిచిపోయి మెషీన్‌నే తిట్టేవాళ్లను చూశాను.

గీత గీయొద్దు. ఒక ట్యాక్ (చుక్కంత అతుకు) ఇక్కడ, తర్వాతది జానెడు అవతల. ఒక్కోటి చల్లారాకే పక్కది. చిల్లు పడితే వెనక రాగి ముక్క అదిమి నింపండి, ఇనుము దానికి అంటదు.

టిగ్ నేర్చుకుంటున్నాను

టిగ్ (టంగ్‌స్టన్ మొనతో రేకు కరిగించి, తీగను చేత్తో అందించే వెల్డింగు) పేరు ఎవరూ ఎత్తలేదే! అతుకు గ్యాస్‌లా మెత్తగా ఉంటుంది, వేడి మన అదుపులో ఉంటుంది. కాకపోతే అంచుల మధ్య సందు ఉండకూడదు, తుప్పు మచ్చ కూడా ఉండకూడదు. కారు కింద వెల్లకిలా పడుకుని చేయడం నా వల్ల కాలేదు. డోర్లు, డిక్కీ మూత బల్ల మీద పెట్టి చేసుకోవడానికి మాత్రం దానికి సాటి లేదు.

పాలిటెక్నిక్ టీచర్

ఈ కార్ల బాడీ ఫ్యాక్టరీలో ఎక్కువగా స్పాట్ వెల్డింగుతో (రెండు రేకుల్ని నొక్కిపట్టి కరెంటుతో చుక్కలుగా అతకడం) అతికింది. రన్నింగ్ బోర్డు అంచుల్లో వరసగా కనిపించే గుండ్రటి సొట్టలు అవే. కాబట్టి అక్కడ రేకు మీద రేకు వేసి, పై రేకుకు 6 మి.మీ. చిల్లులు కొట్టి, మిగ్‌తో నింపడమే అసలు పద్ధతికి దగ్గర. అంచుకు అంచు అతికే చోట ఈ గ్యాస్, మిగ్ వాదన సరే, ఇక్కడ దాని అవసరం పెద్దగా లేదు. రేకుల మధ్య జింకు ప్రైమర్, అంతా అయ్యాక రన్నింగ్ బోర్డు పెట్టె లోపల మైనం పూత. లోపల పూత లేకపోతే కాకినాడ గాలికి మళ్లీ అదే కథ.

ఇంకొకటి. మీ బండికి 50 ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు బాడీ షెల్ అసలు రూపంలో ఉండాలంటాయి. దానికి వెళ్లే ఆలోచన ఉంటే ఆకారం మార్చకండి. కోసే ముందు, కోశాక ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఆటోనగర్ శిష్యుడు

స్పాట్ ఉన్నచోట మిగ్ సరే, ఒప్పుకుంటాను. మడ్‌గార్డు మాత్రం గ్యాస్‌తోనే, అక్కడ తగ్గను.

బాబూ, ఒక ముఖ్యమైన మాట. రన్నింగ్ బోర్డు కోసే ముందు డోర్లు విప్పకండి. డోర్ సందులు కొలిచి రాసుకోండి, లోపల పైపులతో అడ్డకట్టు వేయండి, బండి బరువు నాలుగు చక్రాల మీదే ఉండాలి. జాకీ మీద వేలాడదీసి కోస్తే మధ్యలో కుంగిపోతుంది. అలాగే అతికేస్తే డోర్ జన్మలో సరిగ్గా పడదు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఫియట్ అలాగే పాడు చేశాను, ఇప్పటికీ బాధే. ఇంకా, పాత అతుకుల్లో పసుప్పచ్చగా ఇత్తడి కనిపిస్తే మొత్తం గీకేయండి, దాని మీద మిగ్ నిలవదు.

కాకినాడ మార్క్ టూ

అందరికీ చాలా థ్యాంక్స్. కొలిచాను, 0.95 వచ్చింది. 1 మి.మీ. సీఆర్‌సీఏ రేకు తెచ్చాను, ఒక స్నేహితుడి దగ్గర గ్యాస్ పెట్టే మిగ్ అరువు తీసుకున్నాను. చిన్న ముక్కలు అతికి, వైస్‌లో బిగించి వంచి చూశాను. మొదటి నాలుగూ అతుకు దగ్గరే ఊడిపోయాయి. ఆంప్స్ కొంచెం పెంచాక, ఐదోదానికి అతుకు నిలిచి రేకు చిరిగింది. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాను, బ్యాటరీ తీసేశాను. డోర్ సందు ముందు 5 మి.మీ., వెనక 7 ఉంది. ఇది బండి పుట్టినప్పటి తేడానా, ఇప్పటికే కుంగిందా? అది తేలేదాకా గ్రైండర్ ముట్టుకోను. కుడివైపు కూడా కొలిచి రేపు రాస్తాను.