808 (సాగే బేస్ శబ్దం) పడగానే కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) బరువు తగ్గిపోతోంది, ఏది మార్చాలి?

ట్రాప్ (హిప్‌హాప్‌లో ఒక రకం) బీట్ చేస్తున్నాను. 140 బీపీఎం, ఎఫ్ మైనర్, స్నేర్ మూడో బీట్ మీద. కిక్ ఒక్కటే సోలోలో పెడితే గుండెల మీద కొట్టినట్టుంది. 808తో కలిసి పడిన చోట మాత్రం ‘టప్’ అని చప్పుడే మిగులుతోంది, కింద బరువు లేదు. హెడ్‌ఫోన్స్‌లోనూ, స్పీకర్లలోనూ ఇదే తంతు.

అనలైజర్‌లో కిక్ బలమంతా 52 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తోంది. 808 నోట్లు రెండే: ఎఫ్ (సుమారు 44 హెర్ట్జ్), ఎ ఫ్లాట్ (సుమారు 52). ఎ ఫ్లాట్ దగ్గరే ఎక్కువ దెబ్బతింటోంది. మాస్టర్‌లో లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) లేదు, పీక్ మైనస్ 6 డీబీ.

808 మీద సైడ్‌చెయిన్ (కిక్ పడినప్పుడల్లా 808ని తగ్గించే కంప్రెసర్) పెట్టాను, రేషియో 4:1, అటాక్ (తగ్గడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను. రిలీజ్ (మళ్ళీ పైకి రావడానికి పట్టే సమయం) 30 అయితే తేడా తెలియడం లేదు, 150 అయితే 808 ఊపిరి పీలుస్తున్నట్టు ఊగుతోంది. కిక్ ఫేజ్ తిప్పితే (అంటే తరంగాన్ని తలకిందులు చేస్తే) ఎఫ్ దగ్గర బాగుపడి, ఎ ఫ్లాట్ దగ్గర ఇంకా పాడైంది. 808లో 52 దగ్గర 3 డీబీ కోస్తే ఆ నోటే పలచబడింది.

స్నేహితులకు వినిపిస్తే అందరిదీ ఒకటే మాట, "కేక బ్రో". అది నాకు పనికిరాదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి: ఈ పరిస్థితిలో మీరైతే కిక్ శాంపిల్ మారుస్తారా, 808 నోట్లు మారుస్తారా?