సదస్సుని ‘గ్రీన్’గా చేయమన్నారు, అసలు ఎక్కడ మొదలెట్టాలి?

కమిటీ_బాధితుడు:
అందరికీ నమస్తే. మా సంఘం తరఫున రెండు రోజుల సదస్సు ఉంది, 400 మంది దాకా వస్తారు, ఇంకా ఆర్నెల్ల టైమ్ ఉంది. ఈసారి పర్యావరణానికి వీలైనంత తక్కువ నష్టంతో చేయాలని కమిటీలో తీర్మానం చేసేశారు, పనేమో నా నెత్తిన పడింది. ఇప్పటిదాకా మీటింగుల్లో తేలిందేంటంటే ప్లాస్టిక్ గ్లాసులు తీసేసి పేపర్ గ్లాసులు పెడదాం, అందరికీ కాటన్ బ్యాగులు ఇద్దాం, స్టేజీ మీద మొక్కలు పెడదాం. ఇంతేనా అని నాకు డౌటు. నిజంగా తేడా తెచ్చే పనులేంటి, ఊరికే ఫొటోల కోసం చేసేవేంటి? బడ్జెట్ పెంచేది లేదని ముందే చెప్పేశారు.

పట్టాలబండి:
మొక్కలు పెట్టుకోండి, చూడ్డానికి బాగుంటాయి :) కానీ ఇలాంటి సదస్సులకి లెక్క తీస్తే చాలాసార్లు కర్బన ఉద్గారాల్లో పెద్ద వాటా జనం వచ్చిపోయే ప్రయాణాలదే ఉంటుంది, అందులోనూ విమానాల్లో వచ్చేవాళ్లది. గ్లాసుల గురించి మూడు మీటింగులు పెట్టి వేదికని మాత్రం ఊరవతల బస్సు కూడా పోని చోట బుక్ చేస్తారు, అక్కడే ఆట అయిపోతుంది. మీకు ఆర్నెల్లు ఉంది కాబట్టి ముందు వేదిక సంగతి చూడండి, రైలో బస్సో దిగి నడిచి వచ్చేంత దూరంలో, పక్కనే బస దొరికే చోట. రెండో రోజు ఆఖరి సెషన్ ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకోండి, సాయంత్రం రైలు అందదంటే జనం కార్లేసుకునే వస్తారు. అరగంట మాట్లాడ్డానికి విమానంలో వచ్చి అదే రాత్రి తిరిగెళ్లిపోయే వక్త ఉంటే ఆయన్ని వీడియోలో మాట్లాడమని అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఇంకోటి, రిజిస్ట్రేషన్ ఫారంలో ఎక్కణ్ణుంచి వస్తున్నారు, దేంట్లో వస్తున్నారు అని రెండు ప్రశ్నలు పెట్టండి. అవి లేకుండా తర్వాత ఎవరు లెక్క అడిగినా మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

చెత్తబుట్ట:
పైన చెప్పింది కరెక్టే గానీ గ్లాసుల్ని అంత తేలిగ్గా తీసేయకండి, ఎందుకంటే వచ్చినవాళ్ల కంటికి కనపడేది అదే. పేపర్ గ్లాసు అంటే ఉత్త పేపర్ కాదు, లోపల పల్చగా ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే వేడిది పోయగానే మెత్తబడిపోదూ. ఆ పూత వల్లే మామూలు కాగితంతో కలిపి చాలాచోట్ల తీసుకోరు. ఇక కంపోస్టబుల్, అంటే ఎరువుగా మారిపోతాయి అని అమ్మే పీఎల్ఏ (మొక్కల నుంచి తీసే ఒకరకం ప్లాస్టిక్) గ్లాసులు, చూడ్డానికి అచ్చం ప్లాస్టిక్‌లాగే ఉంటాయి, అవి అలా ఎరువుగా మారాలంటే 60 డిగ్రీల దరిదాపుల్లో వేడి పట్టే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి. వాటిమీద ఈఎన్ 13432 అని కంపోస్టబుల్ ప్యాకింగ్‌కి ఇచ్చే యూరప్ ప్రమాణం ముద్ర ఉన్నా అది అలాంటి ప్లాంట్ల గురించే, మీ పెరట్లో గొయ్యి గురించి కాదు. పొరపాటున ప్లాస్టిక్ బాటిళ్లతో కలిసిపోతే ఆ రీసైక్లింగ్ కూడా చెడుతుంది. అందుకే ఏదైనా కొనేముందు చెత్త తీసుకెళ్లేవాళ్లని అడగండి, ఏమేం తీసుకుంటారు, అది ఎక్కడికి పోతుంది అని. వాళ్ల దగ్గర జవాబు లేకపోతే మీరు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న గ్లాసు కూడా మామూలు చెత్తగుట్టకే పోతుంది.

వేదికలో గిన్నెలు కడిగే ఏర్పాటు ఉంటే గాజువో స్టీలువో అద్దెకి తెచ్చుకోండి.

కాటన్ బ్యాగులు మాత్రం వద్దండీ. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఇచ్చిన నివేదికలో ఒక్క వాతావరణం లెక్కే చూసినా మామూలు ప్లాస్టిక్ సంచీతో సమానం కావాలంటే కాటన్ సంచీని 52 సార్లు వాడాలని తేలింది, మిగతా ప్రభావాలన్నిట్లోనూ సమానం కావాలంటే 7,100 సార్లు. ఇప్పటికే అందరిళ్లలో తలుపు వెనక అరడజను వేలాడుతున్నాయి కదా.

సౌండ్_లైట్:
కడిగి వాడే గ్లాసులు బానే ఉంటాయి, తిరిగొస్తేనే. సగం మాయమైతే పేపర్ గ్లాసే నయం అనిపిస్తుంది. చిన్న డిపాజిట్ పెట్టండి, ముఖ్యంగా గ్లాసు మీద సదస్సు పేరు, తేదీ వేయించకండి, వేస్తే గుర్తుగా ఉంటుందని బ్యాగులో పెట్టుకుపోతారు.

నేను కరెంటు వైపు మనిషిని కాబట్టి అది చెప్తా. లైట్లు, ఏసీ, సౌండ్ అన్నీ ఒకేసారి ఫుల్లుగా నడుస్తాయని లెక్కేసి దానిమీద ఇంకాస్త భయం కలిపి పే...ద్ద జనరేటర్ తెప్పిస్తారు. అది రోజంతా పావు లోడు మీద గుడగుడలాడుతూ ఉంటుంది, డీజిల్ సరిగ్గా కాలదు, పొగగొట్టంలో నల్ల జిడ్డు పడుతుంది. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. ఒక్కో సామాను ఎంత కరెంటు లాగుతుందో సప్లయర్ల దగ్గర రాయించుకుని కూడితే అందులో సగం సైజుది కూడా సరిపోవచ్చు, అద్దె కూడా తగ్గుతుంది. వేదికలో మెయిన్ లైనే తట్టుకుంటుందంటే జనరేటర్‌ని స్టాండ్‌బైగా పెట్టి ఆఫ్‌లో ఉంచండి.

కమిటీ_బాధితుడు:
థాంక్స్ అండీ, బ్యాగులు క్యాన్సిల్, ఆ డబ్బు గ్లాసుల అద్దెకి పెడతా. వేదిక గురించి రేపే మాట్లాడతా. రెండు డౌట్లు. ఎంట్రీ ఫ్రీ కాబట్టి పేరిచ్చి రానివాళ్లు ప్రతిసారీ ఉంటారు, భోజనం బోలెడు మిగులుతుంది, దీనికేం చేయాలి? ఇంకోటి, మా అధ్యక్షులు సర్టిఫికెట్ ఏదో తెచ్చుకుని బ్యానర్ మీద ‘జీరో వేస్ట్’ అని వేద్దాం అంటున్నారు.

చెత్తబుట్ట:
భోజనానికి పేర్లు విడిగా తీసుకోండి, రిజిస్ట్రేషన్‌తో కలపకండి. వారం ముందు ఒకసారి, రెండ్రోజుల ముందు ఒకసారి మెసేజ్ పెట్టి, ‘తింటాను’ అని నొక్కినవాళ్లకే లెక్క అని చెప్పండి. వంటవాళ్లకి ఫైనల్ నంబర్ ఎప్పటిలోగా ఇస్తే సరిపోతుందో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. వడ్డన పూర్తయ్యేదాకా అన్నీ ఒకేసారి బయట పెట్టకపోతే మిగిలింది చెయ్యి పడకుండా ఉంటుంది, ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరు తీసుకెళ్తారో మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఎందుకింత చెప్తున్నానంటే తిండి చెత్తగుట్టల్లో పూడితే గాలాడక మీథేన్ వస్తుంది, 100 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. తడి చెత్త డబ్బా, పొడి చెత్త డబ్బా ఎప్పుడూ పక్కపక్కనే పెట్టండి, భోజనాల టైములో దగ్గర ఒక వాలంటీరు ఉండాలి, బోర్డులు చదివి వేసేవాళ్లు తక్కువ.

సర్టిఫికెట్ అంటే ఐఎస్ఓ 20121 అనుకుంటా, కార్యక్రమాల్ని పర్యావరణానికి నష్టం తగ్గించేలా నడపడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. 2012లో వచ్చింది, లండన్ ఒలింపిక్స్ టైములో, 2024లో మార్చారు. ఒక్క సదస్సుకి ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం, అందులో ఉన్న పద్ధతి మాత్రం వాడుకోండి, ఏం చేస్తామో ముందే రాసుకుని అయ్యాక కొలిచి చూసుకోవడం.

సౌండ్_లైట్:
‘జీరో వేస్ట్’ అని పీవీసీ ఫ్లెక్సీ మీద ప్రింట్ చేయిస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి సార్, నవ్వుకుంటాం :D గుడ్డ బ్యానర్ కొట్టించి సంవత్సరం, తేదీ లేకుండా సంఘం పేరు మాత్రం వేయించుకోండి. తేదీ, టాపిక్ ఏమైనా ఉంటే స్క్రీన్ మీద చూపించొచ్చు.