కత్తెర పట్టు జారుతోంది: ఐదు నెలలుగా తగ్గని బొటనవేలి నొప్పికి కారణం ఏమై ఉంటుంది?

దిల్‌సుఖ్‌నగర్ కుట్టుమిషను:

అందరికీ నమస్కారం. నా వయస్సు 46 సంవత్సరాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఉగాది వెళ్ళిన దగ్గరనుంచి కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టుకు కాస్త పైన, నొప్పి మొదలై ఇప్పటికీ తగ్గలేదు. లైనింగు గుడ్డను నాలుగు మడతలు వేసి కత్తిరిస్తుంటే సగంలోనే వేలు పట్టు వదిలేస్తోంది. కుక్కరు మూత తిప్పాలన్నా, తాళం తీయాలన్నా ఎడమచెయ్యి సాయం పట్టవలసి వస్తోంది. పోయిన నెల ఆవకాయ జాడీ చేతిలోనుంచి జారి వంటింట్లో పగిలిపోయింది.

దగ్గరలోని డాక్టరు గారు చూసి, నరం పట్టేసిందని చెప్పి, నొప్పి మాత్రలూ బీ కాంప్లెక్సూ వ్రాశారు. ఎక్స్‌రే తీస్తే అందులో ఏమీ లేదన్నారు. మాత్రలు వేసుకున్న వారం రోజులూ బాగుంటుంది, ఆపగానే మళ్ళీ మొదటికి వస్తుంది. నాకు నాలుగేళ్ళుగా షుగరు ఉంది. శ్రావణమాసం పెళ్ళిళ్ళ జాకెట్లు తిప్పి పంపించవలసి రావడంతో ఇక్కడ అడుగుతున్నాను. ఇది దేనివల్ల వస్తుంది, ఎవరికి చూపించుకోవాలి?

మల్కాజ్‌గిరి టీచరమ్మ:

అమ్మా, మా మనవడికి నాలుగో నెల వచ్చేసరికి నాకు అచ్చం ఇలాగే వచ్చింది. పిల్లవాడి చంకల కింద రెండు చేతులూ వేసి, బొటనవేళ్ళు చాచి, రోజుకు ఎన్నిసార్లు ఎత్తుకున్నానో లెక్కలేదు. నాకే కాదు, బాలింత అయిన మా అమ్మాయికీ అదే నొప్పి పట్టుకుంది. ముసలితనంవల్ల వచ్చిందన్న నా అనుమానం దానితో పోయింది. ఎముకల డాక్టరు గారు దీన్ని డీ క్వెర్వేన్ వ్యాధి అంటారని చెప్పారు. స్విట్జర్లాండుకు చెందిన ఆ పేరుగల శస్త్రవైద్యుడు 1895లో దీన్ని వివరించారట.

బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగిలిన వేళ్ళతో దాని మీద పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపుకు వంచమన్నారు. వంచగానే బొటనవేలి వైపు మణికట్టు అంచున ప్రాణం పోయినంత పని అయింది. ఆరు వారాలు బొటనవేలిని కదలనీయని పట్టీ కట్టుకుని, ఒక సూదిమందు వేయించుకున్న తరువాత తగ్గింది. అంతకు ముందు ఇరుగుపొరుగు మాట విని వేడి నూనెతో గట్టిగా మర్దన చేయించుకున్నాను, వాపు ఇంకా పెరిగింది. మీరు మాత్రం ఆ పని చేయించుకోకండి.

ఫిజియో, తార్నాక:

టీచరమ్మ గారు చెప్పినది మంచి అనుమానమే, కాని అదొక్కటే అనుకోవడానికి వీలులేదు. మన వాడుకలో నరం అనే ఒక్క మాట మూడు వేరువేరు వాటికి చెల్లుతోంది: సూది గుచ్చే రక్తనాళమూ నరమే, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి స్నాయువూ నరమే, స్పర్శను మోసే అసలు నాడీ నరమే. మీ డాక్టరు గారు పట్టేసిందన్న నరం ఈ మూడింటిలో ఏదో తేలనిదే ఏ మందూ సరిగా కుదరదు. ఎక్స్‌రేలో కనిపించేవి ప్రధానంగా ఎముకలూ కీళ్ళ సందులూ. అందువల్ల ఏమీ లేదన్న మాటకు స్నాయువూ నాడీ బాగున్నాయని అర్థం కాదు.

ముందుగా ఒక వేలితో నొక్కి, నొప్పి ఎక్కడుందో గుర్తించండి. మణికట్టు అంచున బొటనవేలి వైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద అయితే అది డీ క్వెర్వేన్. బొటనవేలిని పక్కకూ వెనక్కూ లాగే రెండు స్నాయువులు అక్కడ ఒక ఇరుకైన తొడుగులోనుంచి పోతాయి, ఆ తొడుగు మందమైతే రాపిడి మొదలవుతుంది. పిడికిలి పరీక్షలో చేతిని బలంగా లాగితే ఏ జబ్బూ లేనివారికీ నొప్పి పుడుతుంది గనుక మెల్లగానే చేయాలి.

అంతకు కొంచెం కిందుగా, బొటనవేలి మొదటి ఎముక మణికట్టును కలిసేచోట అయితే కీలు అరుగుదలను అనుమానించాలి. ఆ కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది, నెలసరి ఆగే వయస్సు దాటిన స్త్రీలలో ఎక్కువగా అరుగుతుంది. వేలికొసలతో ఒక కిలో బలంతో దేన్నైనా నొక్కి పట్టుకుంటే ఆ కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుందని లెక్క కట్టారు. నాలుగు మడతల గుడ్డను కత్తిరించే కత్తెర ఇరవై ఏళ్ళలో ఏం చేసి ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. అయితే అరుగుదల తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు.

వేలు మడిచినప్పుడు టక్కుమని పట్టేసి, తిరిగి చాచడానికి రెండవ చేతితో లాగవలసి వస్తే అది ట్రిగ్గర్ థంబ్. షుగరు ఉన్నవారిలో అది ఎక్కువ. రెండు చేతుల కీళ్ళూ వాచి, తెల్లవారాక గంటకు పైగా బిగుసుకుని ఉంటే రుమటాయిడ్ కీళ్ళవాతానికి రక్తపరీక్ష చేయించాలి.

ఇక మీ చేతి పట్టు సంగతి. నొప్పికి భయపడి చెయ్యి వదిలేయడం వేరు, నొప్పి లేకుండానే వస్తువు జారిపోవడం వేరు. జాడీ జారినప్పుడు వేలు నొప్పిపెట్టిందా? రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? ఈ రెండింటికీ జవాబు చెప్పండి.

ఉప్పల్ బండి:

మీరు ఎప్పుడైనా చెయ్యి ఆనించి పడ్డారా? వానలో గుంతలో బండి జారి నేను అరచేతి మీద పడ్డాను. మొదటి ఎక్స్‌రేలో విరగలేదన్నారు. బెణుకు అనుకుని రెండు నెలలు తిరిగాక ఎమ్మారైలో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి, అతుక్కోకుండా ఉందని తేలింది. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ళ వైపునుంచి వెనక్కు అందుతుందట, అందుకే ఆలస్యమైతే అతకడం కష్టమట. బొటనవేలిని వెనక్కు చాచినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో నొక్కితే నాకు ప్రాణం లేచిపోయేది.

దిల్‌సుఖ్‌నగర్ కుట్టుమిషను:

నేను ఎక్కడా పడలేదండీ. నొక్కి చూస్తే నొప్పి మణికట్టు అంచు ఎముక మీదే ఉంది, పిడికిలి పరీక్షలో గట్టిగా తెలిసింది. కాని జాడీ పడిన రోజున నొప్పే లేదు, అది జారుతోందని కూడా నాకు తెలియలేదు. రాత్రి మూడు గంటలప్పుడు చెయ్యి మొద్దుబారి లేస్తున్నాను, రెండు నిమిషాలు విదిలిస్తే సర్దుకుంటుంది. చెయ్యి తలకింద పెట్టుకోవడం వల్ల అనుకుని డాక్టరు గారితో చెప్పలేదు. చిటికెనవేలికి మాత్రం తిమ్మిరి రాదు.

ఫిజియో, తార్నాక:

చిటికెనవేలిని వదిలి మిగిలినవి మొద్దుబారడం, విదిలిస్తే తగ్గడం కార్పల్ టన్నెల్ గుర్తులు. మణికట్టు లోపలి ఇరుకు దారిలో మీడియన్ నాడి ఒత్తిడికి గురైతే ఇలా అవుతుంది. షుగరుకూ థైరాయిడ్ లోపానికీ దీనితో సంబంధం ఉంది. మీకు స్నాయువు జబ్బూ నాడి జబ్బూ రెండూ ఉండవచ్చు. ఒకటి నొప్పి పెడుతోంది, రెండవది పట్టు తీసేస్తోంది. మెడనుంచి వచ్చే నాడి ఒత్తిడి కూడా కొంత ఇలాగే కనిపిస్తుంది, రోజంతా మెడ వంచి కుట్టేవారిలో దాన్నీ చూడాలి.

ఎముకల విభాగంలో చూపించుకుని, చేతి నాడులలో సంకేతాలు సరిగా పోతున్నాయో లేదో చూసే ఎన్‌సీఎస్ పరీక్ష గురించీ, మూడు నెలల షుగరు సగటు గురించీ, థైరాయిడ్ గురించీ అడగండి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలో ఆ విభాగం ఉంది. స్టెరాయిడ్ సూది వేస్తామంటే షుగరు సంగతి ముందే చెప్పండి, కొన్ని రోజులు అది పెరుగుతుంది. ఈలోగా రాత్రిపూట మణికట్టు వంగకుండా తిన్నటి పట్టీ కట్టుకోండి, ఒకసారికి రెండు మడతలకు మించి కత్తిరించకండి. రెండు అరచేతులనూ దీపం కింద పక్కపక్కన పెట్టి, బొటనవేలి కింది కండ ఒకేలా ఉందో లేదో చూడండి.

దిల్‌సుఖ్‌నగర్ కుట్టుమిషను:

మిషను లైటు కింద పెట్టి చూశాను. ఎడమచేతిలో ఆ కండ గుండ్రంగా ఉంది. కుడిచేతిలో అంచున కొంచెం లోపలికి పోయినట్టుంది.

ఫిజియో, తార్నాక:

అలా అయితే శ్రావణం వెళ్ళాక చూద్దామని ఆగకండి, ఈ వారంలోనే వెళ్ళండి. నాడి ఒత్తిడివల్ల ఒకసారి బాగా తగ్గిపోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.