చరిత్ర సొసైటీ నడపాలంటే ముందు ఏది: బిల్డింగా, పత్రికా, మెంబర్లా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. గుంటూరులో మాదో చిన్న సొసైటీ, ఆసియా చరిత్ర, సంస్కృతి అని పెద్ద పేరే పెట్టారు మా పెద్దవాళ్లు. ఊరికే పెట్టలేదులెండి, నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో కశ్మీరం, గాంధారం, చైనా, సింహళం పేర్లన్నీ వస్తాయి, అమరావతి శిల్పం పోకడ శ్రీలంక దాకా వెళ్లింది, మన ఊరి నుంచే ఆసియాని చూద్దామని వాళ్ల ఉద్దేశం. ఇప్పుడు సంగతేంటంటే అందరూ లైఫ్ మెంబర్లే, ఎప్పుడో ఐదొందలు కట్టేసి కూర్చున్నారు, కొత్తగా రూపాయి రాదు. పత్రిక ఆగిపోయింది. ఉపన్యాసం పెడితే వచ్చేది వక్త, వక్తగారి తోడల్లుడు, నేను. ఇంకెవరూ ఒప్పుకోకపోతే నన్ను సెక్రటరీని చేశారు. ఈలోపు అమెరికాలో ఉండే ఒకాయన వాళ్ల నాన్నగారి పేరు మీద బిల్డింగ్ కట్టిస్తానన్నారు, కమిటీ అంతా ఎగిరి గంతేస్తోంది, నాకేమో భయంగా ఉంది. ముందు ఏది పట్టుకోవాలి?

శాసనాలపిచ్చి:
బిల్డింగ్ పక్కన పెట్టండి మాస్టారూ. కలకత్తా ఏషియాటిక్ సొసైటీనే చూడండి, అక్కడ జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1784 జనవరిలో మొదటి మీటింగ్ పెట్టింది సుప్రీంకోర్టు గ్రాండ్ జ్యూరీ గదిలో, పార్క్ స్ట్రీట్‌లో సొంత బిల్డింగ్ పూర్తయ్యేసరికి 1808, అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. కానీ వాళ్ల పత్రిక ఏషియాటిక్ రీసెర్చెస్ మొదటి సంపుటం 1788దే. తర్వాత జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లిష్ ఆయన, కలకత్తా టంకశాలలో ఉద్యోగం చేసుకుంటూ 1832లో సొసైటీ జర్నల్ మొదలెట్టాడు. దాంతో అసలు కథ మారింది. ఎక్కడెక్కడి ఆఫీసర్లో శాసనాల నకళ్లు, నాణేల బొమ్మలు పంపడం, ఈయన అచ్చెయ్యడం, అది చూసి ఇంకొకడు తన దగ్గరున్నది పంపడం. 1837లో అశోకుడి శాసనాల బ్రాహ్మీ లిపి చదవగలిగాడంటే సాంచీ స్తూపం రాళ్ల మీది చిన్న చిన్న దాన శాసనాల నకళ్లు అలా చేతికొచ్చాయి కాబట్టే. పత్రిక లేకపోతే ఆయనకెవరు పంపుతారు చెప్పండి?
మన రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టింది 1922లో, ఆ ఏడాదే రాజరాజనరేంద్రుడి పట్టాభిషేక సంచిక తెచ్చారు, ఇప్పటికీ జనం వెతుక్కుంటున్నది ఆ సంచికనే. మీరు ఏడాదికి ఒక్క సంచిక వెయ్యండి చాలు, సన్నగా ఉన్నా ఫర్వాలేదు, కానీ చెప్పిన నెలలో రావాలి. పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య, అదే ఐఎస్ఎస్ఎన్ నంబర్, ఢిల్లీలోని ఐఎస్ఎస్ఎన్ ఆఫీసు వాళ్లు ఫ్రీగానే ఇస్తారు, దానికి కూడా డబ్బులడిగే బ్రోకర్లున్నారు, జాగ్రత్త.

లెక్కలపంతులు:
పత్రిక సరే, ముందు బీరువాలో కాగితాలు చూడండి సార్. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే ఏటా జనరల్ బాడీ పెట్టి కమిటీ లిస్టు రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చెయ్యాలి. మీలాంటి సొసైటీల్లో చాలావాటికి అదే ఉండదు, తర్వాత ఇద్దరు సెక్రటరీలు తయారై కోర్టు చుట్టూ తిరుగుతుంటారు. లైఫ్ మెంబర్ల డబ్బు వచ్చిన ఏడే ఖర్చు పెట్టేసి ఉంటారు, అది డిపాజిట్‌లో పెట్టి వడ్డీ మాత్రమే వాడాలి. ఇక నుంచి లైఫ్ మెంబర్‌షిప్ ఆపేసి ఏడాది చందా పెట్టండి, చందా కడితేనే పత్రిక ఇంటికి వస్తుందనండి, తిట్టుకుంటూనే కడతారు.
ఆ అమెరికా ఆయన ఇంకా ఇండియన్ పాస్‌పోర్టేనా? అయితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం ఓసీఐ కార్డున్నా సరే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికి మూడేళ్లుగా పనిచేస్తుండాలి, ఆ మూడేళ్లలో పదిహేను లక్షలు ఖర్చు చూపించాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. వక్తగారి తోడల్లుడు వినే ఉపన్యాసాల మీద పదిహేను లక్షలు ఎలా చూపిస్తారో మరి 🙂

ఏలూరు_అమ్మాయి:
పైన పొగుడుతున్న కలకత్తా సొసైటీలో మొదటి నలభై ఐదేళ్లు ఒక్క భారతీయుడికీ మెంబర్‌షిప్ లేదండీ, 1829లో సొసైటీ సెక్రటరీ విల్సన్ చొరవ తీసుకుంటే ద్వారకానాథ్ ఠాగూర్, రామకమల్ సేన్ లాంటివాళ్లు వచ్చారు. మొదటి భారతీయ ప్రెసిడెంట్ రాజేంద్రలాల్ మిత్ర, 1885లో. మా ఏలూరు కావలి వెంకట లక్ష్మయ్య సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర ఏళ్ల తరబడి ఊరూరా కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేయించిన మనిషి, మెకంజీ పోయాక ఆ పని నేను చేస్తానంటే 1836లో ఇదే ప్రిన్సెప్ ఇది నేటివ్‌ల వల్ల అయ్యే పని కాదన్నట్టు రాశాడు. ఆ శాసనాల నకళ్లు చదవడంలో మొదటినుంచీ సాయం చేసింది మనవాళ్లే కదా, ఒళ్లు మండదా?
కాబట్టి నన్నడిగితే ముందు మెంబర్లు. మీ కమిటీలో ఆడవాళ్లెంతమంది? ముప్ఫై లోపు వాళ్లు ఒక్కరైనా ఉన్నారా? పీహెచ్‌డీ ఉంటేనే వ్యాసం వేస్తాం అనే రూలుంటే తీసెయ్యండి, ఊరి స్కూల్ టీచర్ తీసిన శాసనం ఫోటో కొన్నిసార్లు ప్రొఫెసర్ గారి వ్యాసం కన్నా పనికొస్తుంది.
ఇంకోటి, బిల్డింగ్ ఉందంటే జనం విగ్రహాలు, తాళపత్రాలు తెచ్చి మీ నెత్తిన పెడతారు. కలకత్తా సొసైటీ వాళ్లు కూడా 1814లో మ్యూజియం పెట్టి చివరికి మొయ్యలేక ప్రభుత్వానికి అప్పజెప్పారు, అదే ఇప్పటి ఇండియన్ మ్యూజియం. మీ దగ్గర ఎవరైనా పొలంలో దొరికిన రాయి తెస్తే తీసుకోకండి, ఆర్కియాలజీ వాళ్లకి చెప్పండి, ఫోటో మాత్రం పత్రికలో వేసుకోండి.

కృష్ణాతీరం:
అందరికీ థ్యాంక్స్. కమిటీలో ఆడవాళ్లు సున్నా అండీ, రాయడానికే సిగ్గుగా ఉంది. ఆయన అక్కడి సిటిజనే అట, ఫోన్ చేసి కనుక్కున్నా. బిల్డింగ్ వద్దు, మీ నాన్నగారి పేరున ఏటా ఒక స్మారకోపన్యాసం పెట్టి అది పత్రికలో అచ్చేద్దాం అంటే ఆయన ఒప్పుకున్నారు, మా ప్రెసిడెంట్ గారే అలిగారు. అయితే పంతులు గారూ, ఆయన తమ్ముడు తెనాలిలోనే ఉన్నారు, ఆ ఖాతాకి పంపించి అక్కడి నుంచి మాకు ఇప్పిస్తే?

లెక్కలపంతులు:
ఆ పని మాత్రం చెయ్యకండి. చేతులు మారినా అది ఆయన డబ్బే, తమ్ముడు కూడా ఇరుక్కుంటాడు. తమ్ముడు తన సొంత డబ్బు ఇస్తే నిరభ్యంతరంగా తీసుకోండి, మీకు 80జీ, అంటే దాతకి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉంటే రసీదు ఇవ్వండి. ఉపన్యాసానికీ సంచికకీ ఎంతవుతుందని లక్షలు కావాలి, హాలు ఏదో కాలేజీ వాళ్లని అడగండి, శనివారం సాయంత్రమైతే ఇస్తారు.