దూరాన్ని వేగంతో భాగిస్తే విమాన ప్రయాణ సమయం వచ్చేస్తుందా?

కొలబద్ద: గ్రేట్ సర్కిల్ దూరాన్ని (భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దూరం) గంటకు 800 కి.మీ.తో భాగించి, అరగంట కలపడం అందరూ వేసే లెక్కే. మామూలు ప్రయాణికుడికి ఇది చాలంటాను. లండన్–న్యూయార్క్ దాదాపు 5,550 కి.మీ. లెక్క ప్రకారం 7 గంటల 26 నిమిషాలు. టికెట్ మీదా ఏడెనిమిది గంటలే కదా?

పడమటిగాలి: ఏ వైపు ప్రయాణానికండీ? న్యూయార్క్ నుంచి వచ్చేటప్పుడు సుమారు 7 గంటలు, వెళ్లేటప్పుడు సుమారు 8. మీ జవాబు మధ్యలో పడింది, రెంటికీ సరిపోలేదు. అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో వీచే బలమైన గాలి ప్రవాహం, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కగడితే దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. (ధ్వని వేగాన్ని దాటలేదు లెండి, చుట్టూ ఉన్న గాలి కూడా దాంతోపాటే కదులుతోంది.)

కొలబద్ద: పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు దక్కుతుంది. రానూపోనూ కలిపితే సరి.

పడమటిగాలి: సరి కాదు. 5,600 కి.మీ., విమానం వేగం 900, గాలి 100 అనుకోండి. వెళ్లడానికి 5,600 ÷ 800 = 7 గంటలు, రావడానికి 5,600 ÷ 1,000 = 5.6. మొత్తం 12.6 గంటలు. గాలే లేకపోతే 12.44. దాదాపు 9 నిమిషాలు నష్టం, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం. గాలి పెరిగేకొద్దీ ఈ నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది.

దారిగీత: మీరిద్దరూ గాలి దగ్గరే ఆగిపోయారు. అసలు ఆ దూరమే ఎగిరే దూరం కాదు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధమున్న గోళమనుకుంటే వచ్చే తప్పు అర శాతం లోపే, దాన్ని వదిలేయండి. దారి మారితే మాత్రం లెక్క తలకిందులే. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును ఎయిర్ ఇండియా 2016లో అట్లాంటిక్ నుంచి పసిఫిక్ మీదికి మార్చింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది, కానీ వెనుక నుంచి గాలి తోడవడంతో సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి 14.5 గంటలకు వచ్చింది. కొలబద్ద గారి సూత్రం అదే దూరానికి 19 గంటల 37 నిమిషాలు చెబుతుంది!

కొలబద్ద: అది అరుదైన ఉదాహరణ. 500 కి.మీ. దూరాలకు గాలెంత, దారెంత?

దారిగీత: అక్కడ మీ అరగంటే దెబ్బతింటుంది. చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపు 250 నాట్లకు, అంటే గంటకు 463 కి.మీ.కు మించకూడదు. టాక్సీయింగ్ (విమానం నేల మీద గేటుకూ రన్‌వేకూ మధ్య నడవడం), రన్‌వే ముందు క్యూ, దిగేముందు చక్కర్లు వేరే. చిన్న దూరాల్లో ఇవే సమయాన్ని మింగేస్తాయి. గాల్లో ఉన్న సమయం వేరు, గేటు నుంచి గేటుకు పట్టే బ్లాక్ టైమ్ వేరు. టికెట్ మీద ఉండేది రెండోది.

పడమటిగాలి: 800 బదులు మాక్ సంఖ్య, అంటే ధ్వని వేగంలో విమానం వేగం ఎన్నో వంతో చెప్పే సంఖ్య, వాడండి. 11 కి.మీ. ఎత్తులో మాక్ 0.78 అంటే గంటకు సుమారు 830 కి.మీ., 0.85 అంటే సుమారు 900. దానికి గాలిని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి భాగించి రెండు సమయాలూ ఇవ్వండి. టికెట్‌తో పోల్చేటప్పుడు టైమ్ జోన్ మరవకండి. న్యూయార్క్‌లో రాత్రి 7కు బయలుదేరి లండన్‌లో ఉదయం 7కు దిగితే 12 కాదు, 7 గంటలే. లండన్ గడియారం 5 గంటలు ముందుంటుంది మరి. రెండు దేశాలూ వేసవి సమయానికి వేర్వేరు తేదీల్లో మారతాయి కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు ఆ 5 గంటల తేడా 4 అవుతుంది, చాలామంది లెక్క తప్పేది అక్కడే.

కొలబద్ద: రెండు సమయాలు ఇవ్వాలన్నది ఒప్పుకుంటాను. అరగంటను మాత్రం వదలను, దూర ప్రయాణాలకు.